నేను నిద్రపోయిన క్లాసులోని పురుగు

ఉద్యాన శాఖలో ముప్పై మూడేళ్లు పనిచేశాను. అన్నేళ్లలో శిక్షణ తరగతిలో నేను నిద్రపోయింది ఒక్కసారే. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు నమ్మరు గానీ ఇది నిజం. మిగతా తరగతులన్నీ ఏదో ఒక మీటింగు పేరు చెప్పి ఎగ్గొట్టాను కాబట్టి వాటిలో నిద్రపోయే వీలు చిక్కలేదు.

ఆ ఒక్క తరగతీ పామాయిల్ తోటల మీద. మధ్యాహ్నం కోడికూరతో భోజనం పెట్టి, ఫ్యాన్ల కింద కూర్చోబెట్టి, ఓ పెద్దమనిషి గోడ మీద పురుగు బొమ్మ వేసి చూపిస్తున్నారు. బియ్యపు గింజలో సగం ఉంటుందేమో, నల్లగా, ముందు చిన్న ముక్కుతో. "ఈ ముక్కు పురుగు గనక లేకపోతే" అని ఆయన అన్నంతవరకూ నాకు గుర్తుంది. లేకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఆ తర్వాత నాలుగేళ్లు పట్టింది. నాతోపాటు ఒక పెద్దాయన, ఆయన భార్య, ఎనిమిదెకరాల తోట కూడా ఆ పాఠం నేర్చుకోవలసి వచ్చింది.

ఉద్యోగం చివరి ఏళ్లలో నన్ను భద్రాచలం దారిలో అడవి మొదలయ్యే చోట ఒక మండలానికి వేశారు. నాది బోనకల్. మిర్చి తెలుసు, మామిడి తెలుసు. పామాయిల్ చెట్టును మాత్రం సత్తుపల్లి వైపు పెళ్లిళ్లకు పోయినప్పుడు బస్సు కిటికీలోంచి చూడడమే. అప్పుడు పై నుంచి వచ్చే మాట ఒక్కటే, పామాయిల్ వేయించండి అని. నేనూ ఊరూరా తిరిగి అదే మాట చెప్పాను. చెట్టు గురించి నాకు తెలిసినదంతా పది నిమిషాల్లో చెప్పేసేవాణ్ని. మిగతా అరగంటా వాళ్ల సందేహాలను తర్వాత చూద్దామని వాయిదా వేసేవాణ్ని.

నా మాట నమ్మి మొట్టమొదట మొక్కలు పెట్టింది సర్దారు. అది ఆయన పేరు కాదు, ఉద్యోగం. బొగ్గు బావిలో మైనింగ్ సర్దారుగా చేసి రిటైరైన మనిషి. కూలీల గ్యాంగు పనిలోకి దిగే ముందు ఆయన ఒక్కడే లోపలికి వెళ్లి, కర్రతో పైకప్పు తట్టి చప్పుడు వినాలి. గట్టిగా మోగితే సరే. డొల్లగా మోగితే ఎవర్నీ అడుగు పెట్టనివ్వకూడదు. ముప్పయ్యేళ్లు ఆ పని చేసిన మనిషికి శుభ్రం, క్రమం, అనుమానం మూడూ ఒంటికి పట్టేశాయి. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి తండ్రి నాటి మెట్ట చెలకకు వచ్చాడు. చెలకకు మూడు వైపులా అడవే.

"ముప్పయ్యేండ్లు చీకట్ల దిగిన సార్. ఇగ సచ్చేదాక ఎండల తిరుగుత," అన్నాడు మొదటిరోజు మొక్కలు దించుకుంటూ. ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, ఈయన తోట బాగుపడాలని ఆ రోజే మనసులో గట్టిగా అనుకున్నాను.

తోటలోకి వెళ్లేటప్పుడు ఆయన పాత హెల్మెట్టు పెట్టుకునేవాడు. పొద్దున ఆరింటికి ఫస్ట్ షిఫ్టు మొదలు. ప్రతి చెట్టుకూ తెల్ల రంగుతో నంబరు. చేతిలో మస్టర్ పుస్తకం, అంటే బావి దగ్గర హాజరు వేసే లాంటి పుస్తకం. ఏ చెట్టు పూత వేసిందో దానికి హాజరు, వేయనిదానికి గైర్హాజరు. వరసగా మూడు నెలలు గైర్హాజరైన చెట్టు ముందు నిలబడి ఆయన మందలించడం నేను కళ్లారా చూశాను.

ఆయన భార్యది తల్లాడ పక్క వ్యవసాయం చేసే కుటుంబం. ఆమెకు పాతిక కోళ్లున్నాయి. కోళ్లు గీకి పాదులు పాడుచేస్తాయని వాటికి తోటలో ప్రవేశం లేదు. ఈ విషయంలో ఆ ఇంట్లో రోజూ ఓ చిన్న యుద్ధం జరిగేది. ఆమె మాట్లాడుతుంటే ఆయన మస్టర్ తెరిచి చూసుకునేవాడు.

ఇక్కడ సాంకేతికం కొంచెం చెప్పక తప్పదు. పామాయిల్ చెట్టుకు ఆడ పూలు వేరు, మగ పూలు వేరు, రెండూ ఒకే చెట్టుకు విడివిడిగా వస్తాయి. నాటిన మొదటి మూడేళ్లు ఏ పువ్వు వచ్చినా తీసెయ్యాలి. చెట్టు బలమంతా కాండానికి పోవాలి గదా. పొడవాటి ఇనప కర్రకు బిగించిన ఉలితో మట్టల సందులోంచి పువ్వును పొడిచి లాగాలి. ఈ పని సర్దారుకు నేను నేర్పినంత బాగా ఎవరికీ ఏదీ నేర్పలేదు. మూడేళ్లు నిండగానే ఇక గెలలు రానివ్వండి అని చెప్పాను. సరే సార్ అన్నాడు. నేను మోటార్‌సైకిల్ ఎక్కి వచ్చేశాను.

తర్వాత ప్రతి నెలా వెళ్లేవాణ్ని. నేను వెళ్లేసరికి పదకొండయ్యేది, అధికారులు ఇంకా ముందు వెళితే రైతులు కంగారు పడతారని నా అభిప్రాయం. తోట అద్దంలా ఉండేది. కింద ఒక ఎండుపుల్ల లేదు. చెట్టుకు ఆడ పూలే తప్ప మగ పువ్వు ఒక్కటీ కనపడేది కాదు. నేను ముచ్చటపడిపోయి దాన్ని ఆదర్శ తోట అని రాసి పైకి పంపాను. తల్లాడ నుంచి, పెనుబల్లి నుంచి రైతుల్ని రెండు బండ్లలో తీసుకొచ్చి చూపించాను. వాళ్లలో పెనుబల్లి పెద్దరైతు ఒకాయన ఉన్నాడు, పామాయిల్‌లో పండిపోయిన మనిషి. చెట్ల మధ్య కాసేపు తిరిగి నా దగ్గరకొచ్చి, "మగ పూలు ఒక్కటీ కనపడట్లేదేంది సార్?" అని అడిగాడు.

లేత చెట్లకు ఆడ పూలే ఎక్కువ వస్తాయని, ఇది విత్తనం గొప్పతనమని నేను అందరికీ వినపడేలా చెప్పాను. లేత చెట్లకు ఆడ పూలు ఎక్కువ రావడం నిజమే. ఎక్కువ అంటే అన్నీ కాదని నాకు తోచలేదు. పెద్దరైతు నా ముఖం ఒకసారి చూసి, పోయి బండిలో కూర్చున్నాడు.

గెలలు రావడమైతే వచ్చాయి. పైకి బాగానే కనిపించేవి. రెండు నెలలు తిరిగేసరికి కాయలు ముడుచుకుపోయి, గెల గెలంతా చివికి బూజు పట్టేది. నేను మొదట బోరాన్ లోపం అన్నాను. వేశాడు. పొటాష్ అన్నాను. వేశాడు. నీళ్లెక్కువయ్యాయన్నాను, తగ్గించాడు. తక్కువయ్యాయన్నాను, పెంచాడు. బూజు మందు రాసిచ్చాను. ఆయన బావిలో ఎలా మాట విన్నాడో ఇక్కడా అలాగే విన్నాడు. చెప్పేవాడికే విషయం తెలియదన్న అనుమానం, అన్నిటినీ అనుమానించే ఆ మనిషికి, నా దగ్గర మాత్రం ఎందుకో రాలేదు. అది తలచుకుంటే నాకిప్పుడు కూడా సిగ్గేస్తుంది.

ఏడాది గడిచింది. ఎండలు ముదరకముందే ఒకరోజు వెళ్లేసరికి సర్దారు హెల్మెట్టు లేకుండా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మస్టర్ నా చేతిలో పెట్టాడు. పేజీ నిండా చచ్చిన గెలలే.

"బాయిల ఒక్కపాలి పైకప్పు కూలితె మల్ల ఆడ ఎవ్వల్ని దించం సార్. గీ తోట కూలింది. మృగశిర కార్తెకు జేసీబీ చెప్పిన. అన్ని పీకిచ్చి మక్కలు ఏస్త," అన్నాడు. కోపంగా అంటే నేను తట్టుకునేవాణ్ని. ఆయన నా వైపు చూడకుండా, తప్పు తనదే అన్నట్టు అన్నాడు.

లోపలినుంచి ఆయన భార్య వచ్చింది. చేతిలో చేట ఉంది. "మగ పూలన్ని కోసి గుంతలేసి కాలవెడితివి. మగతనం లేనిది కాయెట్ల కాస్తదని ఎన్నిసార్లడిగిన? సార్‌కు తెల్వదా అన్నవ్," అంది. తర్వాత నా వైపు తిరిగి నిజంగానే అడిగింది. "మీకు తెల్వదా సార్?"

నేను సర్దారును చూశాను. మగ పూలు కోస్తున్నారా అని అడిగాను. రోజూ, ఫస్ట్ షిఫ్టులో, ఏడింటికల్లా అయిపోతుందన్నాడు. ఆడ పువ్వు గెల అవుతుంది, మగది దుమ్ము రాల్చి ఎండిపోతుంది, పని చెయ్యనివాడికి మస్టర్ ఎందుకన్నది ఆయన లెక్క. కంచె పక్కన పెద్ద గుంత తవ్వి, కోసినవన్నీ అందులో వేసి కాల్చేవాడు. నేను పదకొండింటికి వచ్చి ఆ శుభ్రానికి ముచ్చటపడేవాణ్ని.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి అటక మీది పెట్టె దించి, ఆ శిక్షణ తరగతిలో ఇచ్చిన పుస్తకం వెతికాను. దొరికింది. ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. చదువుతుంటే ఆ పెద్దమనిషి మధ్యలో ఆపిన వాక్యం అక్కడ పూర్తయింది. గాలి ఒక్కటే చాలదు. మగ పువ్వు పుప్పొడిని ఆడ పువ్వుకు చేర్చేది ఆ నల్ల ముక్కు పురుగే. దానికి ఇల్లూ తిండీ మగ పువ్వే. మగ పువ్వు లేని తోటలో పురుగుండదు, పురుగు లేని తోటలో గెల నిలవదు. సర్దారు తోటకు చుట్టుపక్కల మరో పామాయిల్ తోట లేదు. ఆ అడవిలో ఎన్ని పురుగులున్నా ఈ పురుగుకు ఆ అడవి పనికిరాదు. మరో తోటనుంచి మగ పూలతో సహా పట్టుకొచ్చి వదలాలి.

నాకు కావలసింది దొరికింది. దొరకగానే పుస్తకం మూసేశాను. ఇంకా నాలుగు పేజీలు మిగిలి ఉన్నాయి. పిల్లలూ, ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, నా రెండో తప్పు ఇక్కడే ఉంది.

సర్దారును మగ పూల కోత ఆపమని బతిమాలాను. మృగశిర దాకా గడువు ఇచ్చాడు గానీ జేసీబీ మాత్రం రద్దు చేయనన్నాడు. పది రోజుల్లో చెట్లకు మగ పూలు విచ్చుకోవడం మొదలైంది. పురుగులు తేవడానికి సంచి కావాలి. గాలి ఆడాలి, పురుగు దాటకూడదు. సత్తుపల్లిలో పరుపులు, దోమతెరలు కుట్టే సాయిబు గారి దుకాణానికి వెళ్లాను, తాతల నుంచి అదే పని. నేను చెప్పిందంతా విని, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "దోమలు లోపలికి రాకుండ షానా కుట్టిన సాబ్. లోపలియి బయటికి పోకుండ ఎవ్వరు కుట్టమనలే," అన్నాడు. అయినా రెండు పొరల తెరతో, మూతికి జిప్పు పెట్టి, మంచి సంచి కుట్టాడు. జిప్పు కొంచెం లూజని, జల్దీ లేకపోతే రేపు మార్చి ఇస్తానని కూడా చెప్పాడు. నాకు జల్దీ ఉంది.

పురుగులకు నేను వెళ్లింది పెనుబల్లి పెద్దరైతు దగ్గరికే. ఇంకెవరి తోటకు వెళ్లినా అవమానం కొంచెం తగ్గేది గానీ ఆయన తోటలో పురుగులెక్కువ. సర్దారు కూడా వచ్చాడు, హెల్మెట్టుతో. పెద్దరైతు విత్తనం గొప్పతనం మాట ఎత్తలేదు. నవ్వు ఆపుకోవడానికి మాత్రం ఆయన చాలా ఇబ్బంది పడ్డాడు. మమ్మల్ని ఒక విచ్చిన మగ పువ్వు దగ్గరికి తీసుకెళ్లాడు. దాని నిండా నల్ల నువ్వులు చల్లినట్టు పురుగులు, సన్నటి గుంయ్ చప్పుడు, గుప్పున సోంపు వాసన.

"ఆడ పువ్వు కూడా ఇదే వాసన వేసి పిలుస్తుంది సార్. వీటికి తిండి మాత్రం పెట్టదు," అన్నాడు పెద్దరైతు. "ఇవి మోసపోయి వెళ్లి, కాళ్లకంటిన పుప్పొడి అక్కడ దులిపి వస్తాయి. ఆ మోసం మీదే మన బతుకంతా."

సర్దారు చెయ్యి చాచాడు. పురుగులు ఆయన చొక్కా మీదికి ఎక్కాయి. దులపకుండా చూస్తూ నిలబడ్డాడు. నాలుగేళ్లలో తన తోటలో వీటిలో ఒక్కదానికీ హాజరు వేయలేదని మాత్రం అన్నాడు.

ఆ వారం ఆఫీసు జీపు పై అధికారి పర్యటనకు పోయింది. మోటార్‌సైకిల్ మీద వేడిగాలికి పురుగులు చస్తాయి. కాబట్టి పల్లెవెలుగు బస్సెక్కాం. సంచి నా ఒళ్లో. కాసేపటికే బస్సంతా సోంపు వాసన. ముందు సీటావిడ, ఎవరో సోంపు పొట్లం విప్పారని వెనక్కి చూసింది. కండక్టర్ ఆడమనిషి, గట్టి మనిషి. సంచిలో ఏముందని అడిగింది. పురుగులని చెప్పాను. ప్రభుత్వోద్యోగినని కూడా చెప్పాను. రెండో మాటతో ఆమె అనుమానం పెరిగింది. ఎన్ని ఉన్నాయంది. లెక్కపెట్టలేదన్నాను.

"బతికున్నయైతె లగేజీ అయితది," అంది. "ఏందియి, ఆడయా మగయా?"

రెండూ కలిసే ఉన్నాయని నిజం చెప్పాను. "ఆడయాటికి ఫ్రీ, జీరో టికెట్ కొడ్త. ఆధార్ కార్డు చూపియ్యమనుండ్రి. మగయాటికి మీరు తీసుకోండ్రి," అని ఆమె ముఖం ఏమాత్రం మారకుండా మిషన్ సర్దుకుంది. బస్సంతా నవ్వింది. సర్దారు నవ్వలేదు. హెల్మెట్టు సరిచేసుకుని, మగవాటికి ఎంతవుతుందో చెప్పమ్మా అన్నాడు.

సరిగ్గా అప్పుడే గుంతలో బస్సు ఎగిరింది. లూజు జిప్పు ఊడింది. ఓ రెండు గుప్పెళ్ల పురుగులు బయటపడి, కిటికీలకు, టిఫిన్ క్యారియర్లకు, ముందు సీటావిడ జడకు పట్టుకున్నాయి. ఇవి కుట్టవు, ఎవర్నీ ఏం చేయవు అని నేను అరుస్తున్నాను. పట్టించుకున్నవాళ్లు లేరు. డ్రైవర్ బండి పక్కకు ఆపాడు. సర్దారు లేచి నిలబడి, బావిలో గ్యాంగుకు చెప్పినట్టు ఒకే ఒక్క మాట అన్నాడు. "ఎక్కడోళ్లు అక్కడ్నే ఆగుండ్రి." నమ్ముతారో లేదో, బస్సులో జనమంతా కదలకుండా ఆగారు. ఆయన వరసగా ఒక్కొక్క సీటు దగ్గరికీ వెళ్లి, హెల్మెట్టు తిరగేసి పట్టి, పురుగుల్ని నెమ్మదిగా అందులోకి తుడిచాడు. ముందు సీటావిడ జడలో పురుగుల్ని కండక్టర్ తీసింది. దిగేటప్పుడు ఆమె మా దగ్గర లగేజీ టికెట్ అడగలేదు.

ఆ మధ్యాహ్నమే తోటలో పదిచోట్ల మగ పువ్వుల మీద వాటిని వదిలాం. మర్నాడు చూస్తే పురుగులు పువ్వుల మీద కులాసాగా తిరుగుతున్నాయి. గెలిచేశాననుకున్నాను. ఇంటికి వెళ్తూ స్వీట్లు కొన్నాను కూడా.

పదిహేను రోజులకు సర్దారు ఫోన్ చేశాడు. ఒక్క పురుగూ లేదన్నాడు. నేను నమ్మలేదు. వెళ్లి చూస్తే మగ పూలు విచ్చుకుని ఉన్నాయి, వాటి మీద ఈగ కూడా లేదు. అడవి నుంచి ఏవో పిట్టలు వచ్చి తినేశాయేమో అన్నాను. నాకు తెలియనివన్నీ అడవి మీదికి తోయడం అప్పటికి అలవాటైపోయింది.

"అడివి కాదు సార్, గిటు రాండ్రి," అంది సర్దారు భార్య. కంచె పక్క గుంత దగ్గరికి తీసుకెళ్లింది. గుంతలో ఎండిన మగ పూలు కుప్పగా పడున్నాయి, ఇంకా కాల్చలేదు. కుప్ప మీద ఆమె పాతిక కోళ్లూ ఉన్నాయి. మనిషి వచ్చినా తల ఎత్తకుండా పొడుస్తున్నాయి. నాలుగు రోజులుగా కోళ్లు దాణా ముట్టకుండా పొద్దున్నే ఇక్కడికి పరుగెత్తుతున్నాయట. ఎందుకా అని ఆమె చూసిందట.

సర్దారు ముఖం చిన్నబోయింది. విచ్చుకున్న మగ పువ్వును నేను చెప్పినట్టే వదిలానన్నాడు. పుప్పొడి రాలి ఎండిపోయాక మాత్రం కోసేశానన్నాడు. "డ్యూటీ దిగిన పువ్వు సార్. ఇగ దానితోని ఏం పని?"

ఆమె ఒక ఎండిన పువ్వు తీసుకుని, కొడవలి మొనతో చీల్చి మా ముందు పెట్టింది. లోపల సన్నటి తెల్లటి పిల్లపురుగులు మెలికలు తిరుగుతున్నాయి, ఒకటీ రెండూ కాదు, వందలు.

"ఎండిపోయిన పువ్వులల్లనే గుడ్లు వెట్టి పిల్లల్ని సాకుతున్నయి," అంది ఆమె. "ఈన రేపటి కూలోళ్లను పుట్టకముందే గుంతలేస్తుండు."

కోళ్లు పని ఆపలేదు. సర్దారు హెల్మెట్టు తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆ చీల్చిన పువ్వు మీదికి వంగి చూశాడు.

"అంటె రిటైరైనంక గూడ పని ఉంటదన్నట్టు," అన్నాడు మెల్లగా.

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. నా రిటైర్మెంటుకు అప్పటికి తొమ్మిది నెలలుంది. ఆ తర్వాత పొద్దున్నే లేచి ఏం చెయ్యాలా అని కొన్నాళ్లుగా లోపల్లోపల భయపడుతున్నాను, ఇంట్లో కూడా చెప్పలేదు. ఆయన కూడా నాలుగేళ్లుగా హెల్మెట్టు పెట్టుకుని, షిఫ్టు పేరు పెట్టుకుని తిరుగుతున్నది అందుకేనని అప్పుడు తెలిసింది.

"ఉంటది. ముందుగాల నా కోళ్లను కొట్టుడు బంద్ చెయ్," అంది ఆయన భార్య.

ఇంటికి పోయి పుస్తకంలో మిగిలిన నాలుగు పేజీలు చదివాను. వాటిలో మొదటి పేజీ మొదటి వాక్యమే, ఎండిన మగ పూలను చెట్టు నుంచి తీయవద్దు అని.

రెండోసారి పురుగులు తేవడానికి సర్దారు భార్యే వెళ్లింది. మమ్మల్ని రావద్దంది. సాయిబు గారి దగ్గర జిప్పు తీయించి మూతికి తాడు పెట్టించుకుంది. పెనుబల్లి పెద్దరైతు దగ్గర, పురుగులున్న విచ్చిన పూలతోపాటు, పిల్లలున్న ఎండిన పూలు కూడా అడిగి తెచ్చింది. ఆ రెండోది మాకెవరికీ తట్టలేదు. వచ్చేటప్పుడు అదే కండక్టర్ తగిలిందట. ఈసారి పురుగులకు ఆధార్ అడగలేదట. వాసన పట్టి, మళ్లీ తెచ్చారా ఆ సోంపు పురుగులు అని నవ్వి, సంచిని తన సీటు పక్కనే పెట్టుకుని తెచ్చిందట.

మృగశిర కార్తె వచ్చింది. పొద్దున ఆరింటికి జేసీబీ కూడా వచ్చింది. సర్దారు మాట ఇస్తే మాటే, నేనెంత చెప్పినా రద్దు చేయలేదు. నేనూ ఆరింటికే వెళ్లాను. ఆ తోటను నేను ఆ వేళప్పుడు చూడడం అదే మొదటిసారి. మట్టల మధ్య ఎండిన మగ పూలు వేలాడుతున్నాయి, కింద చెత్త ఉంది, పాదుల్లో కోళ్లు తిరుగుతున్నాయి. నేను ఆదర్శ తోట అని రాసిన తోట ఇది కాదు. చెవి పెడితే అంతటా సన్నగా గుంయ్ మంటోంది.

జేసీబీ డ్రైవర్ ఇంజను ఆపకుండా, ఎక్కడ మొదలుపెట్టమంటారని అడిగాడు. సర్దారు చెయ్యెత్తి ఆగమన్నాడు. ఒకటో నంబరు చెట్టు దగ్గరికి వెళ్లి, ఉలి కర్రను తిరగేసి పట్టుకుని, రెండు నెలల గెలను తట్టాడు. చెవి ఒగ్గి విన్నాడు. రెండో చెట్టు దగ్గరికి వెళ్లాడు. డొల్లగా మోగితే ఎవర్నీ లోపలికి పంపని మనిషి ఆయన. ఆయన భార్య చేట పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

పన్నెండు చెట్లు తట్టాడు. పన్నెండో గెల దగ్గర ఆగి, ముళ్ల సందులో వేళ్లు పెట్టి ఒక కాయ లాగాడు. అది తేలిగ్గా రాలేదు. కత్తితో కోశాడు. లోపల గింజ కట్టుకుని ఉంది, గట్టిగా, తెల్లగా.

"మోగుతుంది సార్," అన్నాడు. "దిగొచ్చు."

డ్రైవర్‌కు ఏమీ అర్థం కాలేదు. పీకాలా, పోవాలా చెప్పమని కేకేశాడు. వచ్చినవాణ్ని ఊరికే పంపడం సర్దారుకు ఇష్టం లేదు. చుట్టూ చూశాడు. తర్వాత కంచె పక్కకు తీసుకెళ్లి, నాలుగేళ్లుగా మగ పూలు కాల్చిన గుంతను పూడ్చమన్నాడు. చెట్లు పీకడానికి వచ్చిన జేసీబీ అరగంటలో గుంత పూడ్చి వెళ్లిపోయింది. కోళ్లకు మాత్రం కొంచెం కష్టంగా అనిపించినట్టుంది.

రిటైరైన రోజు నాకు శాలువాలు కప్పారు, ఇక హాయిగా విశ్రాంతి తీసుకోమన్నారు. సర్దారు బోనకల్ దాకా రైలెక్కి వచ్చి, పేపర్లో చుట్టిన పొట్లం చేతిలో పెట్టి, భోంచేసి వెళ్లాడు. ఆయన వెళ్లాక విప్పితే ఎండిన మగ పువ్వు. వరండాలో పెట్టాను. నాలుగు రోజులకు చిన్న నల్ల పురుగులు ఒక్కొక్కటే బయటికొచ్చి గోడ మీద అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాయి. చుట్టుపక్కల ఎక్కడా ఒక్క పామాయిల్ చెట్టు లేదు. ఇవి ఏం తిని బతుకుతాయని నా భార్య అడిగింది. సర్దారు భార్య తిరిగిచ్చిన సాయిబు గారి సంచి నా దగ్గరే ఉంది. పురుగుల్ని అందులోకి తుడిచి, బస్సు వేళ చూసుకుని బయల్దేరాను.

అప్పటినుంచి నెలకోసారైనా సర్దారు తోటకు వెళ్తున్నాను. ముందు రోజే వెళ్లి అక్కడే పడుకుంటాను, ఆరింటికి లేవడం కోసం. సర్దారు మస్టర్‌లో ఇప్పుడు కొత్త పేజీ ఉంది, ఎండిన పూలకు. ఏ చెట్టుకు ఎన్ని ఉన్నాయో రోజూ రాస్తాడు. నేను వెళ్లిన రోజు ఆ పేజీలోనే చివరి గడిలో నాకూ హాజరు వేస్తాడు.